ఎడారిలో విద్యాప్రాంగణములు: రెండు జాలీల పరిశీలన

గత వేసవిలో ఒకనాటి మధ్యాహ్నము మా కళాశాలలో ఉష్ణప్రసారమును గూర్చి పాఠము చెప్పుచుంటిని. ఆ గది పై అంతస్తులో ఉన్నది. నెత్తిన కాంక్రీటు స్లాబు. పడమట నిలువెత్తు గాజు కిటికీలు. వహనము, సంవహనము, వికిరణము అని నేను నల్లబల్లపై వ్రాయుచుండగానే, ఆ మూడును మా వీపులపై తమ పని తాము చేయుచుండెను. విద్యార్థులకు కొంత ఉత్సాహము కలుగునని, అబుదాబి ఎడారిలో కట్టిన మస్దర్ విద్యాసంస్థ చిత్రములను చూపితిని. ఎర్రని జాలీ గోడలు, ఇరుకు వీధులు, నడుమ ఒక ఎత్తైన గాలి గోపురము. ఆ వీధులు చుట్టునున్న ఎడారికంటె 15 నుండి 20 డిగ్రీలు చల్లగా ఉండునని పత్రికలలో వచ్చిన మాటను కూడ చెప్పితిని. అప్పుడు వెనుక వరుసలోని ఒక కుర్రవాడు లేచి, "సార్, మా నాయన ఆ దేశంలోనే తాపీపని చేస్తాడు. నీడలో కూచున్నా చెమట ఆరదంటాడు. మరి వీధికి ఏసీ ఏమైనా పెట్టినారా సార్?" అని అడిగెను.

తరగతి నవ్వినది. నేను నవ్వలేకపోతిని. ప్రశ్న న్యాయమైనది. పైకప్పు లేని వీధిలో గాలి అడ్డులేక తిరుగును. అట్టి వీధి 20 డిగ్రీలు చల్లబడుట ఎట్లు? అందమైన చిత్రమును చూచి నేను అడుగవలసిన ప్రశ్నను అతడు అడిగినాడు.

ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటకై ఇక్కడ రెండు ప్రాంగణములను ప్రక్కప్రక్కన నిలిపి చూతము. ఒకటి ఆ మస్దర్ ప్రాంగణము. రెండవది మన దేశముననే, థార్ ఎడారిలో జైసల్మేరుకు సమీపమున గల రాజకుమారి రత్నావతి బాలికల పాఠశాల. రెండింటను జాలీ గోడలున్నవి. చూపునకు అవి ఒకే ఇంటి బిడ్డలవలె తోచును. కాని అవి చేయు పని ఒకటి కాదు. కట్టడమును దాని రూపమును బట్టి కాక, అది చేయు పనిని బట్టి విమర్శింపవలెననుటయే ఈ వ్యాసము చెప్పదలచిన విషయము.

ఎడారులన్నియు ఒకటి కావు

వాన మిక్కిలి తక్కువగా కురియు నేలను ఎడారి అందుము. ఆ లక్షణము రెండు చోట్లను గలదు. కాని అబుదాబి సముద్రతీరమున ఉన్నది; జైసల్మేరు సముద్రమునకు దూరముగ లోనాట ఉన్నది. ఈ ఒక్క భేదము కట్టడపు విధానమునంతను మార్చివేయును.

కూజాలోని నీరు చల్లబడుటకు కారణము మనకు తెలిసినదే. పైకి ఊరిన తేమ ఆవిరియగుచు వేడిని గ్రహించును. వట్టివేళ్ల తడికెలు గదిని చల్లబరచుటయు ఇందువలననే. అయితే ఈ చల్లదనమునకు ఒక హద్దు కలదు. ఉష్ణమాపకపు బల్బునకు తడిగుడ్డ చుట్టి గాలిలో ఉంచినచో అది ఎంతవరకు దిగునో, అంతకంటె చల్లగా నీటితో గాలిని చేయజాలము. గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు, తేమ నూటికి 20 పాళ్లు ఉన్నపుడు తడి బల్బు సుమారు 23 డిగ్రీలు చూపును. గాలి 35 డిగ్రీలే యైనను, తేమ నూటికి 70 పాళ్లున్నచో తడి బల్బు 30 డిగ్రీల వద్దనే ఆగిపోవును. మొదటి గాలిని 17 డిగ్రీలు దింపవచ్చును. రెండవ దానిని 5 డిగ్రీలకు మించి దింపలేము. అనంతపురములో హాయినిచ్చు కూలరు విశాఖపట్టణములో గదిని చెమ్మ చేయుట తప్ప వేరేమియు చేయకపోవుట మన ఇండ్లలో ఎరిగిన సంగతియే.

రెండవ భేదము రాత్రికి సంబంధించినది. పగలు వేడెక్కిన నేల, గోడలు, పైకప్పులు రాత్రి పరారుణ కిరణముల రూపమున ఆకాశమునకు వేడిని వెదజల్లును. గాలిలోని నీటియావిరి ఆ కిరణములలో కొంత భాగమును పట్టి తిరిగి క్రిందికి పంపును. అందుచేత పొడిగాలి గల లోనాటి ఎడారి రాత్రి వేగముగా చల్లబడును. వేసవిలో తేమ నిండిన తీరపు ఎడారి అట్లు చల్లబడదు. థార్ ఎడారిలో తెల్లవారుజాము గోడకు విశ్రాంతి నిచ్చును. అబుదాబిలో ఆగస్టు నెలలో గోడకు ఆ విశ్రాంతి చాలినంత లేదు.

మస్దర్: నీడ చేసిన మేలు

అబుదాబి ప్రభుత్వ సంస్థయొకటి 2006లో మస్దర్ నగర పథకమును ప్రారంభించెను. బ్రిటిష్ వాస్తుశిల్పి నార్మన్ ఫోస్టర్ సంస్థ దానికి రూపకల్పన చేసెను. విద్యాసంస్థ ప్రాంగణపు మొదటి భవనములు 2010లో తెరువబడినవి. ప్రయోగశాలలు, గ్రంథాలయము, విద్యార్థుల నివాసములు ఒకదానినొకటి ఆనుకొన్నట్లు దగ్గరగా ఉన్నవి. వాటి నడుమ ఇరుకైన నడకదారులు. మోటారు బండ్లు ఆ దారులలోనికి రావు. మనుష్యులు పై వేదికమీద నడతురు. డ్రైవరు లేని చిన్న విద్యుద్వాహనములు దిగువ అంతస్తున నడచునట్లు ఏర్పాటు చేసిరి.

ఈ ఇరుకుదనమే ఆ ప్రాంగణమునందలి ఉత్తమ గుణమని నా అభిప్రాయము. ఎట్లనగా, అబుదాబి 24½ డిగ్రీల ఉత్తర అక్షాంశమున ఉన్నది. జూన్ మూడవ వారములో సూర్యుడు మధ్యాహ్నమున నడినెత్తికి ఇంచుమించు ఒక డిగ్రీ దూరములో నుండును. ఉత్తర దక్షిణములుగా సాగు ఒక వీధిని ఊహింపుడు. వెడల్పు 4 మీటర్లు, ఇరుప్రక్కల గోడల ఎత్తు 12 మీటర్లు అనుకొందము. సూర్యుడు నిలువురేఖకు సుమారు 18½ డిగ్రీలలోపు వచ్చిననే తప్ప వీధి నేలపై ఎండ పడదు. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగును గనుక, మధ్యాహ్నమునకు ముందు ఒక గంటంబావు, తరువాత ఒక గంటంబావు, మొత్తము రెండున్నర గంటలు మాత్రమే నేలకు ఎండ తగులును. అదే 40 మీటర్ల వెడల్పు రోడ్డు అయినచో, ఇరుప్రక్కల అవే గోడలున్నను, పది గంటలకు తక్కువ కాకుండ ఎక్కడనో ఒకచోట ఎండ కాయుచునే యుండును. మస్దర్ వీధుల కొలతలు, దిక్కులు వేరు కావచ్చును. లెక్క తీరు మాత్రము ఇదియే. ఉన్నత పాఠశాల విద్యార్థులు ఒక కోణమాపకము, ఒక కాగితము తీసికొని దీనిని సరిచూచుకొనవచ్చును.

ఇప్పుడు కుర్రవాని ప్రశ్నకు వత్తము. 15, 20 డిగ్రీల చల్లదనము అను మాటలో రెండు వేర్వేరు కొలతలు కలిసిపోయినవి. గాలి ఉష్ణోగ్రత ఒకటి. మన దేహమునకు తోచు వేడి మరియొకటి. ఎడారిలో నిలుచున్నవానిపై నేరుటెండ చదరపు మీటరుకు ఇంచుమించు 1000 వాట్ల చొప్పున పడును. క్రిందనున్న తారురోడ్డు 60 డిగ్రీలు దాటి, అదియు కిరణములను వెదజల్లును. నీడనున్న ఇరుకు వీధిలో ఈ రెండును తగ్గిపోవును. గాలి మారకపోయినను ఒంటికి ఎంతయో తేడా తెలియును. చెట్టునీడకు చేరిన బాటసారి అనుభవించునది అదియే. కాని నీడలో వ్రేలాడదీసిన మామూలు ఉష్ణమాపకము 20 డిగ్రీల తగ్గుదల చూపదు. చూపవలెనన్న ఆ కుర్రవాడు అన్నట్లు వీధికి యంత్రము పెట్టవలసినదే. కనుక ఆ సంఖ్యను అబద్ధమనరాదు. ఏ కొలతయో చెప్పని సంఖ్య అనవలెను. విజ్ఞానశాస్త్రములో అదియు చిన్న లోపము కాదు. పైగా చెమట ఆరుట గాలి తేమను బట్టి యుండును. నీడ దానిని మార్చజాలదు. తండ్రి చెప్పినదియు నిజమే, చిత్రము చూపినదియు కొంత నిజమే.

గాలి గోపురము, జాలీ, సౌరఫలకములు

ప్రాంగణము నడుమ 45 మీటర్ల ఎత్తున ఉక్కు గాలి గోపురమొకటి కలదు. పై గాలిని పట్టి క్రింది చావడిలోనికి దింపుట, దారిలో నీటి తుంపరలతో దానిని చల్లబరచుట దాని పని. ప్రాచీన అరబ్బు, పారసీక గృహములలోని గాలి గోపురములే దీనికి మూలము. కాని ఆ ఇండ్లలో గోపురము ఒక గదిపై నిలుచును. దిగిన గాలి ఆ గదిలోని మనిషికి నేరుగా తగులును. ఇక్కడ గాలి ఆరుబయలు చావడిలో దిగి చెదరిపోవును. అంతేకాక, తుంపరల చల్లదనము గాలి పొడిగా నున్నపుడే ఎక్కువ. జనులకు చల్లదనము మిక్కిలి కావలసిన తేమ మాసములలో అది మిక్కిలి తక్కువ. కాబట్టి గోపురమును ప్రాంగణమునకు చిహ్నముగా మెచ్చవచ్చును. చల్లదనమునకు ముఖ్యకారణముగా మెచ్చరాదు. ఆ ఘనత నీడదే. ఫొటోలు మాత్రము గోపురమునకే ఎక్కువ తీయుదురు. నీడకు ఫొటో తీయుట కష్టము!

నివాసముల ముందరి ఎర్రని జాలీలు గాజునార కలిపిన కాంక్రీటుతో పోసినవి. స్థానికమైన ఇసుక రంగు వాటికి ఇచ్చిరి. అవి నేరుటెండను కిటికీ గాజుపై పడకుండ ఆపును. లోనివారికి మరుగు కల్పించును. గాజు దాటి లోనికి వచ్చిన ఎండను యంత్రముతో వెలికి పంపుటకంటె, గాజునకు వెలుపలనే ఆపుట ఎన్నో రెట్లు మేలు. ఇది మంచి పని. ప్రయోగశాలల గోడలకు గాలి నింపిన ప్లాస్టిక్ దిండ్లను తొడిగిరి. వాటిలో బరువు లేదు గనుక అవి వేడిని నిలువచేసికొనవు. రాత్రి చల్లబడని చోట బరువైన గోడకంటె తేలికయైన తొడుగే మంచిదను ఆలోచన యుక్తమైనది. అయితే ఇంత చేసినను గదులను చల్లబరచునది యంత్రమే. జాలీ యంత్రపు భారమును తగ్గించును, దానిని తొలగింపదు.

ఆ యంత్రములకు విద్యుత్తు ఎక్కడిది? నగరపు హద్దులలో 10 మెగావాట్ల సౌర కేంద్రమొకటి 2009 నుండి పనిచేయుచున్నది. అది విద్యాసంస్థ వాడుకకంటె నూటికి 60 పాళ్లు ఎక్కువ విద్యుత్తును ఇచ్చుచున్నదని రూపశిల్పులు ప్రకటించిరి. ఈ లెక్క ఉత్పత్తిని, వాడుకను మొత్తముగ కూడి పోల్చు లెక్క. సౌరఫలకము రాత్రి పనిచేయదు. విద్యార్థుల గదులలో యంత్రము రాత్రియే నడువవలెను. ఆ సమయమున విద్యుత్తు అబుదాబి సామాన్య తీగలనుండి రావలసినదే. 2010 నాటికి ఆ తీగలలోనిది చాలవరకు సహజవాయువును మండించి తీసిన విద్యుత్తు. పగటి మిగులును రాత్రి లోటుకు సరిపెట్టుట జమాఖర్చుల పుస్తకములో సాధ్యమే. చిమ్నీ పొగ ఆ పుస్తకము చదువదు.

పథకము మొత్తము 50,000 మంది నివసించు నగరముగా 2016 నాటికి పూర్తి కావలెనని మొదట అనుకొనిరి. ఆ గడువు తరువాత 2030కి జరిగినది. డ్రైవరు లేని వాహనములను నగరమంతట నడుపు ఆలోచనను మానుకొనిరి. విద్యాసంస్థ 2017లో ఖలీఫా విశ్వవిద్యాలయమున కలిసెను. 2019లో స్థాపింపబడిన కృత్రిమ మేధా విశ్వవిద్యాలయము ఆ నగరముననే తావు చేసికొనెను. సంస్థ పేరు మారినను, నీడ వీధులు క్రొత్త విద్యార్థులకు కూడ ఉపయోగపడుట ఆ కట్టడపు గొప్పతనమే.

జైసల్మేరు: గోడ చేసిన మేలు

రత్నావతి పాఠశాల జైసల్మేరుకు పడమట, ఇసుక తిన్నెల దాపున, 2021లో తెరువబడినది. బీద కుటుంబముల బాలికలు 400 మందికి, శిశు తరగతి మొదలు పదవ తరగతి వరకు చదువు చెప్పుట దాని ఉద్దేశ్యము. న్యూయార్కు వాస్తుశిల్పిని డయానా కెల్లాగ్ దానికి రూపకల్పన చేసిరి. స్థానికముగ దొరకు పసుపుపచ్చని ఇసుకరాయిని ఆ ప్రాంతపు శిల్పులే చేతితో చెక్కి కట్టిరి. కట్టడము గ్రుడ్డు ఆకారమున ఉన్నది. నడుమ ఆకాశమునకు తెరచిన ముంగిలి. చుట్టు తరగతి గదులు. లోపల సున్నపు పూత. కప్పుపై సౌరఫలకములు పందిరివలె నిలిచి, కరెంటు నిచ్చుటతోబాటు నీడయు నిచ్చును. వాననీటిని పట్టి నిలువచేయు ఏర్పాటు కలదు. ఏసీ యంత్రములు లేవు.

ఇక్కడి జాలీలో గాలి ఆడును. పొడిగాలి గనుక ఆ కదలిక చెమటను ఆర్పును. బరువైన రాతిగోడ మరొక పని చేయును. పగటి వేడి గోడ వెలుపలి ముఖమున మొదలై లోపలికి ఒక అలవలె మెల్లగా సాగును. రాతి గుణములను బట్టి లెక్కవేసినచో, 40 సెంటీమీటర్ల రాతిగోడలో ఆ అల దాటుటకు ఇంచుమించు 8 లేక 9 గంటలు పట్టును. ప్రొద్దుటి వేడి లోపలికి చేరునప్పటికి బడి విడిచియుండును. రాత్రి పొడి ఆకాశము క్రింద గోడ చల్లబడి, మరునాటికి సిద్ధమగును. రాయలసీమలో చవుడు కప్పిన మిద్దెలు, దళసరి గోడల ఇండ్లు కట్టిన మన పెద్దలు లెక్క వేయకయే ఎరిగిన సూత్రమిది.

ఇందును లోపములు లేకపోలేదు. గ్రుడ్డు ఆకారపు కట్టడమునకు అన్ని దిక్కులును ముఖములే. తూర్పు పడమరల నుండి వచ్చు వాలుటెండను తప్పించుట చతురస్రపు కట్టడములో కంటె ఇందు కష్టము. ఒక్క అంతస్తు గోడల నడుమ విశాలమైన ముంగిలికి, ముందు వేసిన లెక్క ప్రకారమే, మధ్యాహ్నమున నీడ లేదు. బాలికలు ఆ వేళ అందు ఆడుకొనలేరు. అన్నిటికంటె ముఖ్యమైనది: ఈ కట్టడము పగటి బడి. రాత్రి ఎవరును అందు నిద్రింపరు. కఠినమైన వేసవిలో సెలవులుండును. రాతిగోడ సాయంకాలము లోపలికి వదలు వేడి ఖాళీ గదులను తాకును. విద్యార్థులు రాత్రియు నివసించు అబుదాబి ప్రాంగణమును, తేమ గాలి నడుమ, ఇదే పద్ధతిన కట్టియుండినచో వారు నిద్రలేక బాధపడియుందురు. కనుక ఒకచోట యంత్రమున్నది, మరియొకచోట లేదు అన్న మాట పట్టుకొని రెండవ దానికే పట్టము కట్టుట న్యాయము కాదు.

మన తీర్పు

మస్దర్ జాలీ ఎండను ఆపి గాజును కాపాడును. జైసల్మేరు జాలీ గాలిని పిలిచి మనిషిని కాపాడును. ఒకదానిని మరొకచోట నిలిపినచో రెండును అలంకారములుగా మిగులును. మస్దర్ ప్రాంగణము తన నీడచే గొప్పది. తన సంఖ్యలచే కాదు. జైసల్మేరు పాఠశాల తన గోడచే, తన శిల్పుల చేతిపనిచే గొప్పది. కాని దాని ఆకారమును అనుకరింపనక్కరలేదు. రెండింటికిని చెందు సామాన్య విమర్శ ఒకటి కలదు. ఇట్టి కట్టడమును తెరచిన దినమున ప్రకటించు వాగ్దానములతోబాటు, తరువాతి ఏటి ఏటి కొలతలను కూడ గోడమీద వ్రాసి చూపవలెను. విద్యాప్రాంగణమునకు ఇది మరింత తగును. అది కొలుచుట నేర్పు చోటు గదా!

ఈ విమర్శ చివరకు మన గదులకే వచ్చి నిలుచును. నేను పాఠము చెప్పిన గదికి పడమటి గాజు కిటికీ ఎవరి చల్లదనమునకై పెట్టిరి? దానికి వెలుపల రెండడుగుల సన్‌షేడ్ అయినను లేదు. వాలుటెండకు నిలువు పలకలు లేవు. స్లాబుపై సున్నపు పూత లేదు. పెద్ద నగరముల చిత్రములను చూచి ముఖభాగమునకు గాజు తొడిగితిమి. ఆ చిత్రము వెనుకనున్న యంత్రమును మాత్రము కొనలేదు. రూపమును తెచ్చుకొని పనిని మరచుట యనగా ఇదియే. దాని ఖర్చు పిల్లలు చెమటతో చెల్లించుచున్నారు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. మూడు ఉష్ణమాపకములు తీసికొనుడు. ఒకటి మామూలుగ ఉంచుడు. రెండవదాని బల్బునకు తడిగుడ్డ చుట్టుడు. మూడవదాని బల్బును, నల్లరంగు పూసిన టేబుల్ టెన్నిస్ బంతికి తొలి పెట్టి అందులో అమర్చుడు. అది గోడల నుండి, ఎండ నుండి వచ్చు వికిరణమును కూడ లెక్కకు తెచ్చును. మీ బడిలో చెట్టు క్రింద, వరండాలో, పై అంతస్తు గదిలో ఒక మాసము గంట గంటకు కొలిచి వ్రాయుడు. ఏ గది ఎందుచేత కాగుచున్నదో పిల్లలే చెప్పగలరు. క్రొత్త గది కట్టునపుడు ఆ కాగితమును ఇంజనీరు ముందుంచుడు.

మా తరగతిలో ఆ పని మొదలైనది. ప్రశ్న అడిగిన కుర్రవాడు నల్లబంతి ఉష్ణమాపకము బాధ్యత తీసికొనెను. వాని తండ్రి పనిచేయు దేశములో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము 12½ మొదలు 3 గంటల వరకు ఆరుబయట ఎండలో పని చేయించరాదను నిబంధన కలదు. మా లెక్కలో ఇరుకు వీధికి సైతము ఎండ తగులు కాలమును ఇంచుమించు అంతే, రెండున్నర గంటలు! "నీడ అయ్యాక నడిచేవాళ్లకు సార్, కట్టేటప్పుడు నీడ ఉండదు కదా" అని ఆ కుర్రవాడు మరియొకనాడు అనెను. ప్రాంగణముల మంచిచెడ్డలను తూచునపుడు ఆ మాటను కూడ తక్కెడలో వేయవలసియున్నది.